మణికట్టుకు తెలిసే దూరం

మా మేనమామగారికి గ్లాకోమా వల్ల చూపు పోయి ఆరేళ్లయింది. ఆయన పేము కర్ర నేలమీది గుంతను, మెట్టును చెప్పగలదు. వీధిలోకి తెరచి ఉన్న కిటికీ రెక్కను, నిలిపి ఉన్న లారీ వెనుక భాగాన్ని చెప్పలేదు. రెండుసార్లు నుదుటికి దెబ్బ తగిలిన పిమ్మట ఆయన గడప దాటడం మానివేశారు. ఢిల్లీ ఐఐటీ వారు రూపొందించగా 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ ఇటువంటి అవసరానికి ఉద్దేశించినదే. అయితే, "నా కర్ర మార్చనురా" అన్నారు మామయ్య. కనుక ఎడమ మణికట్టుకు కట్టుకొనే సాధనమొకటి చేయ సంకల్పించి, విడిభాగాల అన్వేషణలో పడ్డాను.

అన్నిటికంటె ఎక్కువ ఆలోచింపజేసినది సెన్సారు. వీఎల్53ఎల్0ఎక్స్ అనే లేజరు సెన్సారు చిటికెనవేలి గోరంత ఉంటుంది, రెండు మీటర్ల వరకు కొలుస్తుంది. చూడగానే మనసు దోచింది. కాని అది పరారుణ కాంతితో పనిచేస్తుంది. మన ఎండలో దాని దృష్టి కుంచించుకుపోతుంది, గాజు తలుపును నమ్మకంగా గుర్తించలేదు. మామయ్య నడవవలసినది ఎండలోనే. అందుచేత హెచ్‌సీ-ఎస్ఆర్04 వైపు మొగ్గాను. మొరటుగా, రెండు డబ్బీలు పక్కపక్కన అతికించినట్లుండే ఈ సెన్సారు 40 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని పంపి, ప్రతిధ్వనికి పట్టిన వ్యవధిని తెలుపుతుంది. మీటరు దూరపు గోడనుంచి ఆ ప్రతిధ్వని సుమారు 5.8 మిల్లీసెకన్లలో తిరిగివస్తుంది. ఆరవేసిన దుప్పటి ధ్వనిని మింగివేస్తుంది, నిజమే. కాని దుప్పటి తగిలితే నుదురు పగలదు గదా!

హెచ్చరికకు బజరు పెట్టమని మిత్రులు సలహా ఇచ్చారు. అది చౌక, సులభం. కాని చూపులేనివారికి చెవులే దారి చూపుతాయి; వాటిలో మోత నింపడం అపకారమే. కనుక 10 మిల్లీమీటర్ల నాణెం ఆకారపు కంపన మోటారును పట్టీ లోపలివైపు, చర్మానికి ఆనేలా అమర్చాను. దానికి కావలసిన కరెంటును మైక్రోకంట్రోలరు నేరుగా ఇవ్వలేదు; నడుమ ట్రాన్సిస్టరు, మోటారుకు సమాంతరంగా డయోడు తప్పనిసరి. కంపన తీవ్రతలోని తేడాలు ఆయనకు స్పష్టపడలేదు. కంపనాల నడుమ విరామం తగ్గేకొద్దీ అడ్డంకి దగ్గరవుతున్నట్లని ఏర్పాటు చేయగా వెంటనే గ్రహించారు.

విద్యుత్తుకు పవర్‌బ్యాంకు చాలునేమో అనిపించింది. కాని వాడకం మరీ స్వల్పమైతే కొన్ని పవర్‌బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. నడివీధిలో అది కూడదు. లిథియం సెల్లును, దాని వోల్టేజిని 5కు పెంచే చిన్న బోర్డును ఎంచుకొని, ఇంట్లోని ఫోను ఛార్జరుతోనే నింపుకొనే వీలు కల్పించాను. సూచికగా ఎర్రదీపం ఎవరి కోసం? స్విచ్చి వేయగానే రెండు చిన్న కంపనాలు వస్తాయి. ఆ స్విచ్చి కూడా నొక్కేది కాదు, జరిపేది. తడిమితే వేసి ఉన్నదో లేదో తెలుస్తుంది.

ఇప్పుడు ఆయన కుడిచేత కర్రతో, ఎడమచేత ఈ పట్టీతో పాలకేంద్రం వరకు వెళ్లివస్తున్నారు. వాన పడితే మాత్రం పట్టీ విప్పి జేబులో వేసుకోవాలి. ఈ సెన్సారుకు తడి గిట్టదు.