బొమ్మలేసి బతుకుతానంటే...

ఏడాదిన్నరగా నేనొక ఉద్యోగానికి ప్రిపేరవుతున్నాను. దానికి ఇంటర్వ్యూ లేదు, ఆఫర్ లెటర్ లేదు, జీతమెంతో నాకే తెలీదు. పిల్లల పుస్తకాలకి బొమ్మలేసే ఫ్రీలాన్సర్ పని. ఆఫీసులో ఇద్దరికి చెప్తే ఒకడు "ఏఐ వచ్చేశాక బొమ్మలెవరు వేయించుకుంటారు?" అన్నాడు. ఆ ప్రశ్న మన కోడింగు సీట్ల మీద కూడా వేలాడుతోంది కదా బాబూ అన్నాను. నవ్వుకుని టీ తాగేశాం.

సరే, అసలు సంగతికొస్తా. ప్రిపరేషన్ అంటే నాకు తెలిసింది ఎంసెట్ స్టైలే. ముందు మెటీరియల్ కొనడం! పెన్ టాబ్లెట్ కొన్నా, ఆన్‌లైన్ కోర్సులు రెండు కొన్నా (ఒకటి ఇప్పటికీ మూడో పాఠం దగ్గరే ఉంది). రోజూ రాత్రి కూర్చుని నాకు నచ్చినవన్నీ వేశాను... చార్మినారు, మా వీధి ఇస్త్రీ బండి, వానలో ఆటో. చూసినవాళ్ళు బావుందన్నారు. ఎనిమిది నెలలకి ఇక నేను రెడీ అనుకున్నా.

అప్పుడు తెలిసినవాళ్ళ ద్వారా ఓ చిన్న ప్రచురణకర్త దగ్గర్నుంచి పనొచ్చింది. పిల్లల కథ, 12 బొమ్మలు. "ఎంత తీసుకుంటారండీ?" అనడిగితే నా నోట్లోంచి వచ్చిన మాట, "మీ ఇష్టమండీ". అప్రైజల్లో రెండు శాతం హైక్ కోసం గంటసేపు వాదించే మనిషిని నేనేనా! 9,000 అన్నారు. సరేనన్నా.

నాలుగో పేజీలో మేకపిల్లకి నల్లచెవులు, ఏడో పేజీకి తెల్లబడిపోయాయి. నేను చూసుకోలేదు, వాళ్ళ పాప పట్టేసింది. అమ్మమ్మ చీర రంగు మూడుసార్లు మార్పించారు. ఫైళ్ళు ఆర్‌జీబీలో పంపాను, అచ్చుకి కావాల్సింది సీఎంవైకే. తెర మీద మెరిసిపోయిన చిలకపచ్చ, కాగితం మీదకొచ్చేసరికి వాడిపోయిన తోటకూరలా తయారైంది. లెక్కేస్తే మొత్తం 110 గంటలు. అంటే గంటకి 82 రూపాయలు. ఆ డబ్బులూ నాలుగు నెలల తర్వాత, టీడీఎస్ పోగా వచ్చాయి. తప్పు వాళ్ళదనను. ఎప్పుడిస్తారని నేను అడగనే లేదు.

బొమ్మ వెయ్యడం రావడం ఈ ప్రిపరేషన్లో సగం కూడా కాదని అప్పుడు తెలిసింది. ఇంకొకరి కథకి, ఇంకొకరు చెప్పిన తేదీకి, మేక చెవులు మారకుండా వెయ్యడం ఒక ఎత్తు. రేటు చెప్పడం, మార్పులకి హద్దు పెట్టడం ఇంకో ఎత్తు. తమాషా ఏంటంటే ఈ రెండోది ఆరేళ్ళుగా ఆఫీసులో చేస్తున్నదే. క్లయింటు కొత్త బటన్ ఒకటి అడిగితే చేంజ్ రిక్వెస్ట్ పెట్టి ఎస్టిమేట్ పంపుతాం. నా బొమ్మల దగ్గరకొచ్చేసరికి మాత్రం 'కళ కదా, డబ్బులడిగితే ఏం బావుంటుంది' అని మొహమాటం.

చందమామ శంకర్ గారి బొమ్మలు చూసి పెన్సిలు పట్టినవాళ్ళం చాలామందిమే ఉంటాం. ఆయన 1952లో చందమామలో చేరి దశాబ్దాలపాటు అక్కడే గీశారు. అది ఉద్యోగం, నెల తిరిగితే జీతం. నేను వెళ్తానంటున్న దారిలో గీసేదీ నేనే, బిల్లు రాసేదీ నేనే, బాకీ అడిగేదీ నేనే.

అందుకని సిలబస్ మార్చాను. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి. ఒక కథ తీసుకుని, తేదీ పెట్టుకుని, మొత్తం పుస్తకానికి నా బొమ్మలు వేస్తాను. ఏ బొమ్మకి ఎన్ని గంటలో టైంషీట్‌లా రాస్తాను. ఒక పేజీ ఒప్పందం తయారుచేసుకున్నా: సగం అడ్వాన్సు, రెండు విడతల మార్పులు ఉచితం, ఆపైన గంటల లెక్క. హక్కుల సంగతీ చదివాను. 1957 నాటి కాపీరైటు చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్ళు, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఆ కాగితం చూసి ఒకాయన మళ్ళీ పలకలేదు. ఇంకొకావిడ సంతకం పెట్టి పంపారు. 10 బొమ్మలు, 30,000.

మరి ఇంకా ఎందుకు మానెయ్యలేదంటారా? మా నాన్న గుండెకి స్టెంట్ ఉంది. ఆ ఆపరేషన్ ఖర్చంతా మా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సే పెట్టుకుంది. ఉద్యోగం మానిన రోజు అదీ పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే, పాత జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ళ దాకా ఉండొచ్చు (2024 ముందు నాలుగేళ్ళు ఉండేది). అందుకే ఉద్యోగంలో ఉండగానే, నాన్న పేరున విడిగా పాలసీ తీసేసుకున్నా. ఆ గడియారం ఇప్పట్నించే తిరగనీ అని.

నాన్న కాగితాలు చూసి "కంపెనీది ఉందిగా అమ్మాయ్, మళ్ళీ ఇదెందుకు?" అన్నారు. ఏదో సర్ది చెప్పాను. రెండ్రోజులాగి ఫోన్లో, "ఎప్పుడు మానేద్దామనుకుంటున్నావు?" అనడిగారు. నాకు మాట రాలేదు. ఆయనే మళ్ళీ, "మానితే మాను గానీ, ముందు రేటు గట్టిగా అడగడం నేర్చుకో" అన్నారు. మేక పుస్తకం లెక్క అమ్మ చెప్పేసినట్టుంది.

రాజీనామా మెయిల్ ఇంకా రాయలేదు. పాలసీ గడువు ముగియాలి, ఏడాది ఖర్చులు చేతిలో ఉండాలి. మీలో ఎవరైనా ఈ దారిలో ముందే వెళ్ళినవాళ్ళుంటే, టాబ్లెట్ ఏది కొన్నారో చెప్పక్కర్లేదు. మొదటిసారి రేటు నోరు తెరిచి ఎలా అడిగారో చెప్పండి, చాలు.