ఖరీదైన డబ్బా, రెండు చెంచాలు

ఇది మేము భార్యాభర్తలం ఇద్దరం కలిసి వ్రాస్తున్నాము. ఇందులో మా గొప్ప ఏమీ లేదు గనుక వ్రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాము. అయితే మా సంఘములో ఈ మధ్య పసిబిడ్డలున్న ఇండ్లు నాలుగైదు అయ్యాయి. ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు క్రింద ఆడవారు కూర్చుంటే డబ్బాపాల మాటే వినబడుతోంది. మీకు జరిగింది ఉన్నదున్నట్టు వ్రాయండి, ఎవరికైనా పనికివస్తుంది అని పాస్టరమ్మగారు రెండుసార్లు చెప్పారు. అందుకని వ్రాస్తున్నాము.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. రెండెకరాలు కౌలుకు చేస్తాము. పెండ్లయిన తొమ్మిది సంవత్సరాలకు, 2018 సెప్టెంబరులో, దేవుడు మాకు ఆడబిడ్డను అనుగ్రహించాడు. పుట్టినప్పుడు తూకం రెండు కిలోల ఏడువందల గ్రాములు. ఆ తొమ్మిదేండ్లు మేము విన్న మాటలు ఇక్కడ వ్రాయబోము. పిల్లలు లేని ఇంటివారికి అవి తెలుసు, మిగిలినవారికి వ్రాసినా తెలియవు.

పాపకు మూడు వారాలు నిండకముందే మాలో తల్లియైన ఆమెకు ఒక రొమ్ముకు గడ్డ లేచి జ్వరం తగిలింది. కోసి చీము తీశారు. రెండవ ప్రక్క పాలివ్వడం మానవలసిన పనిలేదని మాకు అప్పుడు తెలియదు. మందులు మింగుతున్నది, బిడ్డకు ఏమవుతుందోనని ఇంట్లో అందరం కలిసి పాలు మాన్పించాము. వారం తిరిగేసరికి పాలు దాదాపు ఎండిపోయాయి. ఆ మరుసటి వారమే మా ఇంట్లో కృతజ్ఞత కూటము. అయ్యగారు హన్నా సంగతి చదివి, సమూయేలు పాలు విడిచేవరకు ఆ తల్లి ఇంటిపట్టునే ఉండి పాలిచ్చిన సంగతి వివరించారు. ఆయన సంతోషంతో చెప్పిన మాటే. కాని పాపను ఒడిలో పెట్టుకున్న ఆమె తల ఎత్తలేకపోయింది.

అదే కూటానికి వచ్చిన ఒక బంధువు భోజనాల దగ్గర, "ఆడపిల్లేగా, గేదెపాలలో సగం నీళ్ళు పోసి పట్టండి, మన పిల్లలు పెరగలేదా?" అన్నది. ఆ మాట మా ఇద్దరికీ ములుకులా గుచ్చుకుంది. తొమ్మిదేండ్లకు పుట్టిన బిడ్డకు అన్నిటికంటే మంచిది తప్ప మరొకటి పట్టమని ఆ రాత్రే అనుకున్నాము. హైదరాబాదులో ఉద్యోగం చేసే తమ్ముడు తాను వాడిన రకం పాలపొడి రెండు డబ్బాలు తెచ్చి ఇచ్చాడు. డబ్బా నాలుగువందల గ్రాములు, వెల ఏడువందల యాభై రూపాయలు. పాప నాయనమ్మ దానిని ముందుగదిలో, క్యాలెండరు ప్రక్కనున్న అలమరలో, వచ్చినవాళ్ళకు కనబడేటట్టు పెట్టింది. మేము తీసి లోపల పెట్టలేదు.

ఆ రెండు డబ్బాలు పది రోజులకు అయిపోయాయి. తర్వాత లెక్క వేసుకుంటే నెలకు ఆరు డబ్బాలు, అంటే నాలుగువేల ఐదువందలు. అది అక్టోబరు నెల. వరి ఇంకా పొట్టమీద ఉంది. చేతిలో ఉన్నదంతా ఎరువులకు, పురుగుమందుకు పోయింది. కూలికి వెళ్ళవలసిన ఇద్దరిలో ఒకరు బాలింతరాలు. మొదటి నెల అప్పు తెచ్చాము. రెండవ నెల ఎవరినీ అడగలేకపోయాము.

ఇక్కడ చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఉంది. డబ్బామీద ముప్పై మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా అని ఉంటుంది. తొంబైకి మూడు చెంచాలు. ఒక రాత్రి మాలో ఒకరు రెండే వేశారు. రెండవవారు చూసి ఏమీ అనలేదు. మర్నాడు ఆ రెండవవారు కూడా రెండే వేశారు. ఎవరు ముందు వేశారో ఈ రోజుకూ మేము వాదించుకోలేదు. ఐదు రోజులు వచ్చే డబ్బా ఏడెనిమిది రోజులు వచ్చింది. పాప కడుపు నిండినట్టే కనబడేది. సీసా ఖాళీ చేసేది, తడుపుకొనేది. కాని గంటన్నరకే మళ్ళీ లేచి ఏడ్చేది. పాలు సరిపోవడం లేదని మరి కొంచెం నీళ్ళు చేర్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఎలీషా దినములలో ఆ విధవరాలి ఇంట కుండలో నూనె నిండుతూ వచ్చిందని చిన్నప్పటినుండి సండేస్కూలులో విన్నవాళ్ళమే. అది దేవుడు పెంచిన నూనె. మేమేమో బిడ్డ పాలను బిందెలోని నీళ్ళతో పెంచబోయాము. పైగా ప్రతిసారి సీసా పట్టేముందు ప్రార్థన చేసేవాళ్ళము.

పాపకు ఆరు వారాల టీకా వేయించినప్పుడు తూకం మూడు కిలోల ఆరువందలు. పది వారాల టీకాకు నవంబరు నెలాఖరున ఒక బుధవారం తీసుకువెళ్ళాము. నర్సమ్మగారు త్రాసుకు వ్రేలాడదీసి చూసి, దింపి, మళ్ళీ వేశారు. మూడు కిలోల ఏడువందల యాభై. నాలుగు వారాలలో నూటయాభై గ్రాములు. ఈ వయసులో నెలకు ఆరువందల గ్రాములైనా పెరగాలన్నారు. ఎదుగుదల కార్డులో గీత పైకి పోకుండా అడ్డంగా పడుకుంది. "విరేచనాలు గాని, జ్వరం గాని వచ్చిందా?" అని అడిగారు. లేదన్నాము. "అయితే చెంచాలు ఎన్ని వేస్తున్నారమ్మా?" అన్నారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆమెకు అర్థమైంది. అందరిలో ఏమీ అనకుండా ఒక చీటీ వ్రాసి తెనాలిలో పిల్లల డాక్టరమ్మగారి దగ్గరకు పంపారు. ఆ మర్యాదను మేము మరచిపోలేదు.

డాక్టరమ్మగారు మాత్రం గట్టిగానే మందలించారు. పలుచని పాలు పట్టిన బిడ్డకు కడుపు నిండుతుంది గాని ఒంటికి బలం అందదు, నీళ్ళు మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు తగ్గి మూర్ఛలు కూడా రావచ్చు అన్నారు. ఆ మాట విన్న తర్వాత మేమేమీ దాచలేదు. ధర సంగతి, అప్పు సంగతి, బంధువు అన్న మాట సంగతి అన్నీ చెప్పాము. ఆమె కొంచెంసేపు ఊరకుండి, "మరి తక్కువ ధరది ఎందుకు కొనలేదు?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఖరీదైనది మంచిదని మాకు చెప్పినది ఎవరు? పసిపిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదనీ, డబ్బామీద పిల్లల బొమ్మ వేయకూడదనీ 1992లో చట్టం చేశారు. 2003లో దానిని ఇంకా బిగించారు. తల్లిపాలే శ్రేష్ఠమని ప్రతి డబ్బామీద అచ్చువేయాలి. కాబట్టి ఎవరూ వచ్చి మాకు అమ్మజూపలేదు. ధర చూసి మాకు మేమే నమ్మాము. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ అలమర చూసి వెళ్ళేవాళ్ళ ముఖాలు చూసి నమ్మాము.

డాక్టరమ్మగారు చెప్పినది ఇది. ఆరు నెలలలోపు బిడ్డకు అమ్మే పాలపొడిలో మాంసకృత్తులు, క్రొవ్వు, ఇనుము, విటమినులు ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. ధర ఎక్కువైనా తక్కువైనా ఆ నిబంధన తప్పరాదు. (ఆ నిబంధనలను 2020లో మళ్ళీ కొత్తగా వ్రాశారు.) ఖరీదైనవాటిలో అదనంగా కొన్ని కలుపుతారు, అవి లేనంత మాత్రాన నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డ ఎదగకుండా పోదు. నెలలు నిండక పుట్టినవారికి, పాలు పడనివారికి వేరే రకాలు వ్రాస్తారు, వాటిని ఎవరికి వారు మార్చకూడదు. మా పాపకు ఆ ఇబ్బంది ఏదీ లేదు గనుక సగం ధరలో దొరికేది, మొదటి ఆరు నెలలదని వ్రాసి ఉన్నది, గడువు తేదీ చూసి కొనమన్నారు. "చవకది నిండుగా కలపండి. ఖరీదైనది పలుచగా పట్టవద్దు" అన్నారు.

కలిపే పద్ధతి కూడా దగ్గరుండి నేర్పించారు. పొడిలో క్రిములు ఉండవని అనుకోరాదట. అందుకని మరిగించి దించిన నీళ్ళు బాగా వేడిగా, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే ముందు నీళ్ళు కొలిచి, తర్వాత పొడి వేసి కలిపి, అప్పుడు గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. చెంచా కూరి నింపరాదు, చాకు వీపుతో పైన సమంగా చేయాలి. మిగిలిన పాలు దాచి మళ్ళీ పట్టరాదు. సీసా మూలలు కడగడం కష్టమని ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. పాప నాయనమ్మ ఈ ఒక్క మాటకు ఎంతో సంతోషించి, పెట్టె అడుగునుండి తన కొడుకుకు ఉగ్గు పోసిన గిన్నె తీసి చింతపండుతో తోమింది.

అన్నిటికంటే ముఖ్యంగా, బిడ్డను పాలకు విడవకుండా పట్టమన్నారు. పాలు ఉన్నా లేకపోయినా రోజుకు ఎనిమిది పదిసార్లు చీకనిస్తే తిరిగి పడతాయన్నారు. మాకు నమ్మకం కుదరలేదు గాని అలాగే చేశాము.

కొత్త డబ్బా వెల మూడువందల ఎనభై. పాపకు నాలుగు రోజులు విరేచనం కాస్త ఆకుపచ్చగా అయింది. నాయనమ్మ ఇంకేముంది, చవకపాలు పడలేదని ఏడుపు మొదలుపెట్టింది. పాలపొడి మారినప్పుడు అలా అవుతుందనీ, బిడ్డ హుషారుగా త్రాగుతుంటే భయం లేదనీ డాక్టరమ్మగారు ముందే చెప్పి ఉండకపోతే, మేము మళ్ళీ అప్పుకు పరుగెత్తేవాళ్ళమే.

ఇంతటితో బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. క్రిస్మసు దగ్గర పడింది. కేరల్స్ పాడేవాళ్ళు ఇంటింటికి వస్తారు, బంధువులు వస్తారు. మేము ఏమి చేశామంటే, కొత్త పొడిని పాత ఖరీదైన డబ్బాలో పోసి అలమరలో అదే చోట పెట్టాము. పాత డబ్బాలో పాత చెంచా ఉండనే ఉంది. దానితోనే కొలిచాము.

వారం తర్వాత డాక్టరమ్మగారు డబ్బాతో సహా రమ్మన్నారు గనుక ఆ డబ్బానే సంచిలో వేసుకొని వెళ్ళాము. పాప రెండువందల గ్రాములు పెరిగింది. ఆమె సంతోషించి, అంతలో డబ్బా చూసి, "ఇంకా ఇదే కొంటున్నారా?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. చివరకు, "లోపల ఉన్నది అది కాదండీ" అన్నాము. ఆమె మూత తీసి చెంచా పైకెత్తారు. "ఈ చెంచా ఆ పొడిది కాదు. ఒక్కొక్క కంపెనీ చెంచా ఒక్కొక్క కొలత. మీరు మళ్ళీ తక్కువే పడుతున్నారు" అన్నారు. ఇంటికి వచ్చి, పారవేసిన అట్టపెట్టెలోనుండి కొత్త చెంచా వెదికి తీసి ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, నిజమే, కొత్తది కొంచెం పెద్దది. మా పరువు అంత కొలత అన్నమాట.

ఆ సాయంత్రం ఖరీదైన డబ్బాను అలమరలోనుండి తీసివేశాము. దానిలో ఇప్పుడు మెంతులు ఉన్నాయి. డిసెంబరు 17న పెథాయ్ తుపాను వచ్చి కోసిన వరి తడిసిపోయింది. ఆ యేడు మాకు చేతికి వచ్చినది కొద్దే. పాత లెక్కలో ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తుంది. ఆ నెలాఖరున పద్నాలుగు వారాల టీకాకు పాప తూకం నాలుగు కిలోల ఎనిమిదివందలు. నర్సమ్మగారు కార్డులో చుక్క పెట్టి, గీత గీసి, మాకు తిప్పి చూపించారు. తల్లిపాలు కూడా మెల్లగా తిరిగి పడ్డాయి. పూర్తిగా కాదు గాని రాత్రిపూట పొడి కలపవలసిన పని తప్పింది. డబ్బాలు నెలకు నాలుగుకు తగ్గాయి. దేవునికి స్తోత్రము. పాప ఇప్పుడు బడికి పోతున్నది, పరుగులో తన ఈడు మగపిల్లలను మించుతుంది.

మొన్న ప్రొద్దుపోయాక మా సంఘములోని ఒక చిన్న జంట మా ఇంటికి వచ్చారు. రెండు నెలల బాబు. మొదట పంట సంగతి, కూటాల సంగతి మాట్లాడారు. ఎందుకు వచ్చారో మాకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి ఆ అమ్మాయి, "వదినా, మీరు పాపకు ఏ డబ్బా వాడారు?" అని అడిగింది. చెప్పాము. ముందు తల్లిపాల మాట చెప్పి, తర్వాత రెండు డబ్బాల సంగతీ చెప్పాము. "మీరు చెంచాలు ఎన్ని వేస్తున్నారమ్మా?" అని అడిగాము. ఆమె భర్త వైపు చూసింది. మేము లోపలికి వెళ్ళి, బైబిలు సంచిలో దాచుకున్న పాప కార్డు తెచ్చి, అడ్డంగా పడుకున్న ఆ గీత వాళ్ళకు చూపించాము.