క్రొత్త యాటకు నియమములు

వేంపల్లె దాటి ఇడుపులపాయ దిక్కుగా సాగు బాటసారికి, ఎఱ్ఱని మెట్టచేలును, నడుమనడుమ పచ్చని చీనీతోటలును గడచిన పిదప, కొండల నడుమ నొదిగిన యొక విద్యానగరము కానవచ్చును. 2008వ సంవత్సరమున బాసర, నూజివీడు, ఇడుపులపాయలందు ప్రాంగణములతో నేర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ యిది. జనుల వాడుకలో దీనికి ట్రిపుల్ ఐటీ యనియే పేరు. పదవ తరగతి ముగించిన పల్లెటూళ్ల బాలబాలికలను చేర్చుకొని, ఆఱేండ్లపాటు తనయొద్దనే యుంచుకొని, ఇంజనీర్లనుగా తీర్చి పంపుట దీని పద్ధతి. పదునైదు పదునాఱేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి వచ్చు ఈ పిల్లలు పెట్టెలతోను పుస్తకములతోను బాటుగా, ఏ ప్రవేశపత్రమునందును వ్రాయబడని విద్య నొకదానిని వెంట దెచ్చుకొందురు. అది వారివారి యూళ్ల యాటల విద్య.

ఆ విద్యను గౌరవించు పాఠ్యాంశ మొక్కటి యచ్చట నుండవలెనని నా కోరిక. తెలిసిన ఆటలలో రెండింటినో మూడింటినో మేళవించి, ఇంతవరకు ఎవ్వరును ఆడని యాట నొకదానిని నిర్మించి, దానికి నియమములు వ్రాసి, ఆడి చూపుడని విద్యార్థులకు ప్రాజెక్టుగా నిచ్చు పాఠశాలలు నేడు లోకమున కలవు. చదువు మాని చేయు కాలక్షేపమని దానిని త్రోసిపుచ్చు పెద్దలును కలరు. నా మట్టుకు నాకు, పిల్లల కొసగదగిన పనులలో నింత కఠినమైనదియు, ఇంత ఫలవంతమైనదియు వేఱొకటి తోచదు. ఏలయన ఆటను కల్పించుట యనగా చట్టమును కల్పించుట, ఆ చట్టమునకు తానే మొదట లోబడుట, అది అన్యాయమని తేలినచోట మరల కూర్చుండి దిద్దుకొనుట.

ఈ సీమలో ఆ పనికి ముడిసరకు కొదువ లేదు. చెడుగుడు, బిళ్ళంగోడు, ఏడుపెంకులాట, ఉప్పాట, కోతికొమ్మచ్చి మున్నగునవి యన్నియు పిల్లల నోట నిలిచిన యాటలే గాని పుస్తకమున కెక్కి యూరికి వచ్చినవి కావు గనుక, ఊరూరికి వాని కట్టుబాటు మాఱును. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చి బంతిని త్రోవ తప్పించును. నాపరాళ్లు పఱచిన వాకిట నదే బంతి తలమీదుగా నెగిరిపోవును. పులివెందుల వైపు గులకఱాతి యెఱ్ఱనేలలో పడినవాని మోకాలు చెక్కుకొనిపోవును. నేలను బట్టి పట్టు మాఱును, పట్టును బట్టి నియమము మాఱును. కాబట్టి ప్రొద్దుటూరు పిల్లవాడును పులివెందుల పిల్లవాడును మొదటిసారి యొక్క బరిలో దిగినప్పుడు, "మా ఊర్లో ఇట్ల గాదబ్బా, గీత తొక్కినా అవుటే" అను మాట పుట్టక మానదు. చూచువారికి అది తగవు. నాకు మాత్ర మది ధర్మమీమాంస. గీత యెందుల కున్నది, దానిని త్రొక్కినవా డేల చావవలెను, చచ్చినవాడు మరల బ్రదుకుటకు హక్కెట్లు వచ్చును అను ప్రశ్నలకు, ఉభయపక్షములు నొప్పుకొను సమాధానము దొరకినగాని ఆట సాగదు. సాయంకాలమో చీకటి పడవచ్చుచున్నది. అంత త్వరగాను, అంత నిజాయితీగాను చట్టసభ లెచ్చటను పనిచేయవు.

ఇట్టి ప్రాజెక్టులలో జగత్ప్రసిద్ధమైనది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున 1891వ సంవత్సరపు శీతకాలమున జరిగినది. వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయమున ముప్పదియేండ్ల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్‌కు, మంచువలన బయట ఆడ వీలులేక లోపలి కసరత్తులతో విసిగి వేసారిన తరగతి నొకదానిని అప్పగించి, పదునాలుగు దినములలో క్రొత్త యాట నొకదానిని కల్పింపుమని పై యధికారి గ్యూలిక్ ఆజ్ఞాపించెను. క్రొత్తదనునది యెచ్చటనో ఆకాశమునుండి యూడిపడదనియు, ఉన్నవానినే వేఱు విధముగా కూర్చినప్పుడు పుట్టుననియు గ్యూలిక్ నమ్మకము. నైస్మిత్ మొదట ఫుట్‌బాలును, లక్రాసును గోడల నడుమకు తెచ్చి చూచెను. గాయములు తప్ప వేఱు ఫలము కలుగలేదు. అప్పుడాతడు ఆటల పేళ్లను ప్రక్కకు నెట్టి కారణములను వెదక నారంభించెను. మనిషి నేల పట్టి పడవేయుదురు? బంతితో పరుగెత్తుచున్నాడు గనుక. పరుగునే నిషేధించినచో పట్టుటకు పనియే యుండదు. బంతి నేల బలముకొలది విసరుదురు? గమ్యము ఎదురుగా నిలువునా నున్నది గనుక. దానిని తలలకు పైన, ఆకాశము వైపు నోరు తెఱచునట్లు అమర్చినచో బలము చాలదు, నేర్పు కావలెను. ఈ రెండవ యాలోచనకు మూలము, కెనడా పల్లెలో తాను బాల్యమున ఆడిన ఱాళ్ల యాట: పెద్ద బండపై నుంచిన చిన్న ఱాతిని దూరమునుండి మరియొక ఱాతితో పడగొట్టవలెను, మెల్లగా వంపుగా విసరినవానికే అది లొంగును. మన యేడుపెంకులాటకు దూరపు చుట్టమనదగిన యా పల్లెయాటయే, లోకమంతయు నేడు ఆడు బాస్కెట్‌బాలునకు తల్లి.

పెట్టెలు కావలెనని యడుగగా, అచ్చటి పరిచారకుడు పీచ్ పండ్ల గంపలు రెండు తెచ్చి యిచ్చెను. వానిని వసారా కమ్మీకి మేకులతో కొట్టిరి. ఆ కమ్మీ పదియడుగుల యెత్తున నుండెను గనుక నేటికిని గంప యెత్తు పదియడుగులే. పదుమూడు నియమములు గోడకు తగిలించి, పదునెనమండుగురు విద్యార్థులను తొమ్మిదేసిగా పంచి యాడించిరి. మొదటి యాటలో గంపలో పడినది ఒక్క బంతి. ఆ గంప యడుగు తీసివేయవచ్చునని లోకమునకు తోచుటకు పెక్కేండ్లు పట్టెను! అంతవరకు నిచ్చెన వేసికొనియో కఱ్ఱతో పొడిచియో బంతిని తీయుచుండిరి. ఈ ముచ్చటను విద్యార్థుల కెవరైనను తప్పక చెప్పవలెను. గొప్ప కల్పనలు సైతము అడుగున్న గంపలతోనే మొదలైనవని తెలిసినచో, తమ మొదటి ప్రయత్నము చూచి వారు చిన్నబోరు.

1936లో బెర్లిను ఒలింపిక్సున బాస్కెట్‌బాలునకు మొదటిసారి పతకములిచ్చినప్పుడు వృద్ధుడైన నైస్మిత్ అచ్చటనే యుండెను. చలికి వెఱచి గోడల నడుమ పుట్టిన ఆ యాటకు, అచ్చట తుది పోరు ఆరుబయట మట్టినేలమీద, వానలో జరిగినది. ఆ బెర్లినులోనే, ఆ యేటనే, అమరావతినుండి పోయిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు మన కబడ్డీని విదేశీయుల యెదుట ప్రదర్శించిరి. బీరారు సీమలోని అమరావతి అది, మన కృష్ణాతీరపుది కాదు. ఒక యాటకు పుట్టి నలువదియైదేండ్లు, ఒకదానికి పుట్టినతేదీయే లేదు; ఉభయములును ఒక్క నగరమున నిలిచిన ఆ దినములను తలచుకొన్నప్పుడెల్ల, వ్రాసిన నియమము ఆటను ఎంత దూరము మోయగలదో నాకు స్పష్టపడును.

నేలకు, గాలికి తగినట్లు ఆటను మలచుకొనుట మన దక్షిణాదికిని క్రొత్త కాదు. తంజావూరు రాజకుటుంబమున పుట్టినదని చెప్పు బాల్ బ్యాడ్మింటనును చూడుడు: ఆరుబయట గాలికి ఈకల బంతి నిలువదు గనుక, పసుపుపచ్చని ఉన్నిబంతితో జట్టున కైదుగురు ఆడుదురు. తెలుగునాట పల్లె పాఠశాలల ఆవరణలలో ఆ ఉన్నిబంతి యెన్ని తరముల పిల్లలకు సాయంకాలముల నిచ్చినదో!

ఇడుపులపాయ పిల్లల కీ పని యిచ్చిన నేమి చేయుదురో నేను ఊహించి చూచుకొందును. చెడుగుడును, ఏడుపెంకులాటను కలిపిరనుకొందము. ఎదుటి బరి నడుమ పెంకుల దొంతి యుండును. కూత పెట్టి పోయినవాడు ఒక్క యూపిరిలో దొంతిని పేర్చి తిరిగి రావలెను. వినుటకు సొగసుగానే యున్నది. బరిలో దిగిన మొదటి నిమిషముననే చిక్కు వచ్చును: పెంకు పేర్చుటకు వంగినవానిని పట్టుట కేడ్గురు అక్కఱలేదు, ఒక్కడు చాలును. సరే, దొంతి చుట్టును వలయము గీచి, అందు కాపువా రడుగిడరాదందము. అప్పుడు వారు గీత వెంబడి నిలిచి, ఊపిరి అయిపోవువఱకు కాచుకొందురు, ఆట నిలిచిపోవును. అట్లయిన ఏడు పెంకులును ఒకే కూతలో కాక, కూతకొక్కటిగా పేర్చవలెనని మార్చినచో? ఇప్పు డేదో ప్రాణము వచ్చినట్లు తోచుచున్నది, ఏలయన దొంతియే లెక్క యగును, వేఱుగా పలక అక్కఱలేదు, పడిపోయిన దొంతితోబాటు గెలిచినదంతయు పోవును. ఇక బాలబాలికలు కలిసి యాడవలెనన్నచో పట్టి పడవేయుట తగదు. నైస్మిత్ వలె పట్టునే తొలగించి, దాని స్థానమున మెత్తని బంతిదెబ్బను నిలుపవలెను. 1902లో ఆమ్‌స్టర్‌డామున బ్రూక్‌హాయిసెన్ అను ఉపాధ్యాయుడు బాలురును బాలికలును కలిసి యాడు జట్లతో కార్ఫ్‌బాలును కల్పించి చూపిన మార్గ మిదియే. పగిలిన పెంకు చేయి కోయును గనుక చెక్కబిళ్ళలు చేయించుకొనవలెను. ఎండలకు వెఱచి ప్రొద్దు వాలిన పిదపనే యాడవలెను. కూత ఆగినదో లేదో యెవరు వినవలెనో తేల్చుకొనవలెను.

ఆ కడపటి ప్రశ్న అన్నింటికంటె గడ్డుది. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్ పట్టణపు ఉన్నతపాఠశాల విద్యార్థులు ఎగురు పళ్లెముతో అల్టిమేట్ అను ఆట కల్పించినప్పుడు, తప్పొప్పులను ఆటగాండ్రకే వదలిరి. నేటికిని ఆ యాటలో, పెద్ద పోటీలందు సైతము, తప్పు తానే యొప్పుకొను మర్యాద నిలిచియున్నది. మన చెడుగుడులో కూత తెగినవా డెందఱు తామే తల వంచి బయటికి వచ్చుచున్నారు? ఈ ప్రశ్నను పిల్లలే యెదుర్కొని, తమ యాటకు మధ్యవర్తి కావలెనో వలదో నిర్ణయించుకొందురు గాక.

ప్రాజెక్టునకు మార్కు లిచ్చుటలో నాదొక్క మనవి. ఆట వింతగా నున్నదా యని చూడవలదు. నియమముల కాగితమును మాత్రము, ఆ యాటను కన్నెత్తి చూడని వేఱొక తరగతివారి చేతికిచ్చి, కల్పించినవారిని నోరెత్తనీయక ప్రక్కన కూర్చుండబెట్టి, వారడుగక ఆడగలిగిరా లేదా యని చూడవలెను. ఎచ్చట నాట ఆగిపోయినదో అచ్చట నియమము లోపించినది. దానిని దిద్దుకొన్న పిదప, కొట్టివేసిన పాత నియమములను సైతము, అవి యేల చెల్లలేదో కారణముతో సహా, ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచినచో, మరుసటి యేట చేరు పిల్లలు తమ యూళ్ల కట్టుబాట్లతో దానికి ప్రక్కనే క్రొత్త పుటలు చేర్తురు.