రాసి ఉన్నదే నడవాలి

హాస్టల్ విద్యార్థులకు మెనూ బోర్డు సంగతి చెప్పనక్కర్లేదు. బోర్డు మీద రాసిందీ కంచంలో పడిందీ ఒకటేనా అని రోజూ చూసుకునేవాళ్లమే మనమంతా. కంప్యూటర్ రంగంలోనూ ఇలాంటి పద్ధతి ఒకటుంది. దానికి 2017లో గిట్‌ఆప్స్ అని పేరు పెట్టారు.

పెద్ద వెబ్‌సైట్ల ప్రోగ్రాములను కంటెయినర్లనే పొట్లాలుగా కట్టి అనేక సర్వర్ల మీద నడుపుతారు. ఆ సర్వర్ల గుంపే క్లస్టర్. దాన్ని నడిపే కుబర్నెటిస్‌ను గూగుల్ 2014లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. గ్రీకులో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం.

ఏ ప్రోగ్రాము ఎన్ని కాపీలు నడవాలో ఫైలులో రాసి గిట్‌లో పెడతారు. ఆర్గో సీడీ అనే సాఫ్ట్‌వేర్ ఆ రాతనూ క్లస్టర్‌నూ మాటిమాటికీ పోల్చి చూస్తుంది. 3 కాపీలని రాసి ఉండగా ఎవరైనా చేత్తో 2 చేస్తే పట్టుకుంటుంది. మనం ముందే అలా అమర్చి ఉంచితే తిరిగి 3 చేస్తుంది. మార్పు కావాలంటే ఫైలులోనే రాయాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అక్కడే ఉంటుంది. కొత్తది చెడితే పాత రాతకు వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డులు మాత్రం అందులో బాహాటంగా రాయకూడదు.

పీజీలో ఇది నేర్చుకుంటూ మేము గ్రహించింది ఒకటే. ఇక్కడ పని ఏ ఒక్కరి జ్ఞాపకంలోనూ దాగి ఉండదు. ఇంట్లో చెప్పేవాళ్లు లేని మనం, సీనియర్లను అడగడానికి జంకే మనం, చదివి తెలుసుకోవచ్చు. రాసిపెట్టిన చోట అందరూ సమానమే.

తమ్ముళ్లూ! ముందు గిట్ నేర్చుకోండి. తర్వాత మినీక్యూబ్‌తో ఒక్క కంప్యూటర్ మీదే చిన్న క్లస్టర్ పెట్టుకోవచ్చు. మీరు నేర్చుకున్నది కూడా రాసిపెట్టండి. మీ వెనక వచ్చేవాళ్లకు అదే దారి.