ఎర్రరంగు చూసి మురిసిపోయాం

కంప్యూటర్ తెరమీద నాన్న మెదడు బొమ్మ చూసి అమ్మ రెండు చేతులూ జోడించింది. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చిన రోజు తీసిన స్కాన్‌లో ఎడమవైపు కొంతమేర నీలంగా ఉంది. అయిదు రోజుల తర్వాత అదే చోట ఎర్రగా మెరుస్తోంది. నీలమంటే రక్తం సరిగా అందట్లేదని, ఎరుపంటే ధారాళంగా పారుతోందని మాకు అప్పటికే తెలుసు.

‘‘గడ్డ దానంతటదే కరిగిపోయిందిగా డాక్టరుగారూ! ఇక మాట వచ్చేస్తుందా?’’ అనడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు.

నాన్నకు పక్షవాతం వచ్చింది ఓ రాత్రి భోజనాల వేళ. అన్నం కలుపుతుంటే కుడిచెయ్యి వాలిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. అమ్మ కంగారుగా ఫోన్‌చేస్తే ‘‘నీరసమేమో, పొద్దున్నే చూద్దాంలే’’ అన్నాను. పొద్దున ఊళ్లో ఆరెంపీ సెలైన్ ఎక్కించాడు. పెద్దాసుపత్రికి చేరేసరికి మర్నాడు రాత్రయింది.

డాక్టరు ఓపిగ్గా చెప్పారు. వంద గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలట. అది 20కి పడిపోతే కణాలు పని మానేస్తాయి కానీ, కొంతసేపు ప్రాణంతోనే ఉంటాయి. 10కి దిగితే త్వరగా చచ్చిపోతాయి. పని మానేసి కొనఊపిరితో ఉన్నవాటిని దక్కించుకోవడానికే ఈ హడావుడంతా. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా గడువు నాలుగున్నర గంటలు.

మన ఒంట్లోని ప్లాస్మిన్ అనే ఎంజైమ్ కూడా గడ్డల్ని కరిగిస్తుంది. అది వెంటనే జరిగితే అదృష్టమే. ఆలస్యమైతే రక్తం వస్తుంది కానీ, వాడుకునే కణాలు ఉండవు. ఇలా అవసరానికి మించి పారే రక్తానికి డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ లాసెన్ 1966లో ‘లగ్జరీ పర్‌ఫ్యూజన్’ అని పేరుపెట్టారు. లగ్జరీ అన్న మాట అంత చేదుగా నాకెప్పుడూ వినిపించలేదు.

అంతా విని అమ్మ ఒక్కమాటే అంది... ‘‘చేను ఎండిపోయాక కాలవకి నీళ్లొదిలినట్టు.’’

ఇప్పుడు నాన్న కర్రసాయంతో నడుస్తున్నారు. స్పీచ్ థెరపీతో కొన్ని మాటలొచ్చాయి. నన్ను పిలవాలనుకుని అమ్మ పేరు పిలుస్తారు. తప్పని తెలిసి తనే నవ్వేస్తారు. నేనూ నవ్వుతాను. ‘పొద్దున్నే చూద్దాంలే’ అన్నది నేనేనని ఆయనకి ఇంతవరకూ చెప్పలేకపోయాను.

మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా ముందు టైమెంతయిందో చూడండి. వెంటనే 108కి ఫోన్‌ చెయ్యండి. పది నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారేదాకా మాత్రం ఆగకండి.