మూగబొమ్మకు మాట చెప్పినవారు

మా తాతగారు చిన్నతనమున చింతామణిలో డేరా వేసినప్పుడు మూగబొమ్మ చూచితినని పలుమారు చెప్పుచుండెడివారు. ఆ బొమ్మ పేరు వారికి జ్ఞప్తి లేదు. తెరప్రక్కన నిలిచి కథను తెనుగున వినిపించిన మనిషి గొంతు మాత్రము మరవలేదు. యుద్ధఘట్టము రాగానే అతడు వేసిన కేకకు, బాగేపల్లినుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు కూర్చున్నచోటనుండి లేచి నిలిచిరట!

చిరకాలమునకు చిక్కబళ్లాపురమున ఒక మిత్రుని యింట ‘ఒరోచి’ అను జపాను మూగచిత్రమును చూచుచుండగా నాకా కేక గుర్తునకు వచ్చినది. ఒరోచి యనగా మహాసర్పము. 1925లో ఫుతాగావా బుంతారో దర్శకత్వమున వెలువడిన యీ చిత్రమునకు నాయకుడు బాందో త్సుమాసాబురో. పాత్ర ఒక బీద సమురాయిది. మన పాళెగాండ్ర కొలువులోని కత్తిబంటు వంటివాడనుకొనవచ్చును. మనసు మంచిదే, లోకము మాత్రము దుష్టుడని ముద్ర వేయును. తుదకు చుట్టుముట్టిన బంట్ల నడుమ ఒంటరిగా, ఊపిరాడక తిరుగుచు అతడు చేయు కత్తిపోరు చూచి తీరవలసినదే. గుమ్మనాయకనపాళ్యము కోటను చూచుచు పెరిగిన మాబోటివారికి ఆ కథ పరాయిదిగా తోచదు.

అచ్చట తెరప్రక్కన నిలిచి పలుకు చెప్పువారిని ‘బెన్షీ’లందురు. పాత్రలన్నిటి గొంతులును వారివే. పేరుపొందిన బెన్షీకొరకే చిత్రమునకు పోవువారుండిరి. 1923 నాటి భూకంపము, పిమ్మట యుద్ధమునాటి బాంబులు, వానికి తోడు మనుష్యుల అశ్రద్ధ, ఆ కాలపు చిత్రములలో అధికభాగమును మ్రింగివేసినవి. మిగిలినవానిని యుద్ధానంతరము వెదకి కూర్చినవారిలో ముఖ్యుడు మత్సుదా షున్సుయి, అతడును బెన్షీయే. తన నోటికి పని కల్పించిన బొమ్మలను తానే కాపాడుకొనెను. ఇతో దైసుకె 1927లో తీసిన ‘చూజీ తాబీ నిక్కీ’ అను కత్తివీరుని కథ పోయినదనియే తలచిరి. 1991లో హిరోషిమాలో కొంతభాగము దొరకినది.

మన సంగతి యేమి? రఘుపతి వెంకయ్య నాయుడుగారును, వారి కుమారుడు ప్రకాశ్‌గారును 1921 ప్రాంతమున మదరాసులో నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు చూతమన్న దొరకదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’యు అదే దారి పట్టినది. ఆ కాలపు ఫిల్ము నిప్పురవ్వ తగిలిన భగ్గుమనెడిది. అదియుగాక దానిలోని వెండికై కరిగించినవారును కలరు. దక్షిణదేశపు మూగచిత్రములలో 1933 నాటి ‘మార్తాండవర్మ’ మిగిలినదన్న, దానికి కారణము కోర్టు వ్యాజ్యము! నవల హక్కుల తగాదాలో ప్రతి స్వాధీనమై, మూలబడియుండి, 1974లో పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకు చేరినది. భీష్మునిమీద గూడ ఎవరైనను దావా వేసియుండిన బాగుండెడిది.

కైవారము తాతయ్యగారి కీర్తనలు భజనవారి గొంతులలో నిలిచి మనకు దక్కినవి. డేరాలోని ఆ మనిషి పలుకునకు అట్టి భాగ్యము లేకపోయెను. అతడు ఏ యూరివాడో, ఏ బొమ్మకు కథ చెప్పెనో, తాతగారు బ్రదికియుండగా నేను అడుగనైతిని. మన మూడు తాలూకాల పెద్దలలో అట్టి డేరానుగూర్చి తమ తండ్రులవలన విన్నవారుండిన, ఒక కార్డుముక్కమీదనైనను వ్రాసి సంఘమునకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.