వెనుక వచ్చేవారి కోసం

బండికి వున్న అవయవాలన్నీ ఇంచుమించు యజమాని సుఖం కోసమే పుట్టాయి. ఇంజను మనలను లాగుతుంది. కమాన్లు మన నడుము కాపాడుతాయి. ముందు అద్దం మన కళ్ళలో దుమ్ము పడనివ్వదు. ఇన్నిటి మధ్య ఒక్కటి మాత్రం మనకు పెద్దగా ఒరగబెట్టేది ఏమీ లేదు. చక్రాల వెనుక వేలాడే నల్లని రబ్బరు పలక అది. మెకానిక్కులు దానిని మడ్‌ఫ్లాపు అంటారు. మా పిల్లలు బండి చెవులంటారు. తొట్టి అడుగు రేకును అది కొంత కాపాడుతుందన్న మాట నిజమే గాని, అది వూడిపోయినా బండి అంతే వేగంతో పోతుంది, అంతే డీజిలు తాగుతుంది. లేని లోటు తెలిసేది వెనుక వచ్చేవాడికే. అందుకే కాబోలు, హారను మూగబోతే ఆ సాయంత్రమే బాగుచేయించే లోకం, ఈ పలక చిరిగితే మాత్రం వచ్చే దసరాకు చూద్దామంటుంది.

తుంగభద్ర ఎడమకాలువ కింద వున్న మా క్యాంపులలో ఈ పలకకు ఆయుర్దాయం తక్కువ. 1953లో ఆనకట్ట నీరు కాలువకు వచ్చిన తరువాత, కోస్తా జిల్లాలనుంచి కుటుంబాలు కదిలివచ్చి గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాలలో భూములు కొని కట్టుకొన్న వూళ్ళివి. అప్పటికిది హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లా. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1997 నుంచి గంగావతి, కారటగి కొప్పళ జిల్లాలో వున్నాయి. జిల్లాలు మారినా రేగడి మారలేదు. మనము నల్లరేగడి అనే నేలను ఇక్కడివారు ‘ఎరె’ అంటారు. కొత్తగా వచ్చిన మన పెద్దలు దానిని ‘ఎర్ర’ అని విని, ఇంత నల్లని నేలను ఎర్రనేల అంటారేమిటని తెల్లబోయేవారట.

రంగు మాట ఎట్లా వున్నా, దీని గుణం చక్రానికి బాగా తెలుసు. ఈ బంకమట్టి పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది. ఎండితే కుదించుకొని, కాలు దిగేటంత నెర్రెలు విడుస్తుంది. నాట్ల రోజులలో దీనిమీద నడిచినవాడు రెండంగుళాలు పొడుగవుతాడు; చెప్పుల కింద మట్టి అంత పేరుకొంటుంది. ఎద్దుబండి కాలంలో బండివాడు దిగి కర్రతో చక్రాన్ని గీకి మళ్ళీ ఎక్కేవాడు. ఇప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందే పికప్పు బండి వచ్చింది గనుక ఎవరూ దిగరు. పది మూటల యెరువు వేసుకొని డొంకలో పడిపోవడమే. గుంటూరువారికి అది డొంక, గోదావరివారికి పుంత. మా క్యాంపులో రెండు మాటలూ బతికే వున్నాయి, బురద మాత్రం ఒక్కటే.

పలక చిరిగే తీరులు మూడు. ముందుకు పోయేటప్పుడు చక్రం వెనుకభాగం కిందనుంచి పైకి తిరుగుతుంది కాబట్టి మట్టిని ఎత్తి పలకమీద కొడుతుంది. ఇసుక అయితే రాలిపోతుంది. రేగడి రాలదు. టైరుకూ పలకకూ నడుమ పేరుకొని, గట్టిపడి, తన బరువంతా పై బోల్టులమీద వేస్తుంది. ఇది మొదటిది. రెండవది వెనక్కు తీసేటప్పుడు జరుగుతుంది. చేలగట్టు పలక అడుగంచును టైరు కిందికి మడిచి తోస్తుంది. టైరు దానిని తొక్కిపట్టుకొంటుంది, బండి మాత్రం కదిలిపోతుంది. అంతటితో బోల్టు రంధ్రం దగ్గర పరపరమని చిరుగుతుంది. మూడవది ముందుచక్రాల వ్యవహారం. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడూ, మిట్టపల్లాలలో ఒక చక్రం పైకి లేచినప్పుడూ టైరు పలకను రాస్తుంది. అట్లా రోజూ ఇంతింత అరిగి, ఒకనాడు తెగుతుంది.

కాబట్టి సూది పట్టేముందు చిరుగును చూడాలి. పైన బోల్టు దగ్గర చినిగితే టైరు తొక్కిందన్నమాట. మూల నునుపుగా అరిగివుంటే రాసిందన్నమాట. పలకంతా సాగి మెలిపడితే అది మట్టి బరువు. ఇది తెలియకుండా కుట్టడం నాడి చూడకుండా మందివ్వడం వంటిది.

‘జానెడు రబ్బరుకు ఇంత పురాణమా!’ అని మా ఇంట్లోనే అన్నారు. ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. కారటగి దారిలో మా క్యాంపు కుర్రవాడొకడు మోటారు సైకిలుమీద ఒక లారీ వెనుక వస్తున్నాడు. ఆ లారీకి పలకలు లేవు. వెనుక జంట టైర్ల సందులో ఇరుక్కొన్న కంకరరాయి, ఉసిరికాయంత వుంటుంది, వేగం హెచ్చగానే విసురుగా వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది. లారీ ఆగలేదు. ఆ డ్రైవరు దుర్మార్గుడని మేము అనుకోము. వెనుక ఏమి జరిగిందో అతనికి తెలియనే తెలియదు. ఆ రాత్రి ఇంటికిపోయి పిల్లలతో కూర్చొని సుఖంగానే భోంచేసి వుంటాడు. మనవల్ల ఒకరికి దెబ్బ తగిలి, ఆ సంగతి జన్మలో మనకు తెలియకుండా పోవడం ఎంత భయంకరమో ఆలోచించండి.

కుర్రవాని తల్లి ఎవరినీ తిట్టలేదు. పరామర్శకు వెళ్ళినవారితో, ‘మన బండ్లకైనా వున్నాయేమో చూసుకోండి నాయనా’ అన్నది. ఆ ఆదివారం క్యాంపులోని బండ్లన్నిటి వెనుకా మనుషులు గొంతుక్కూర్చొని కనిపించారు. ఆ వారమే గట్టుమీద మా పికప్పు కుడివైపు పలక చినిగింది. అందుచేత మేమూ కూర్చొన్నాము.

బాగుచేసే విధానం కష్టమైనది కాదు. పలకను వూడదీసి, కడిగి, బాగా ఆరనివ్వాలి. గంగావతిలో చెప్పులు కుట్టే పెద్దాయన మొదటి పాఠం చెప్పాడు: ‘ముందు చిరుగు కొస పట్టుకోండి సామీ. కొస ఆగితే చిరుగు ఆగుతుంది.’ చిరుగు ముగిసినచోట పంచ్‌తో చిన్న గుండ్రని రంధ్రం చేయాలి. సన్నని కొస దగ్గర లాగుడంతా ఒక్క బిందువుమీద పడి, చిరుగు ఇంకా ముందుకు పాకుతుంది. గుండ్రని అంచు ఆ లాగుడును చుట్టూ పంచుతుంది. తరువాత అంచుకు అరంగుళం ఎడంగా ఆరెతో పొడిచి, లావుపాటి నైలాను దారంతో కుట్టాలి. మరీ అంచున కుడితే ఆ కుట్టే కొత్త చిరుగవుతుంది.

కుట్టు ఒక్కటి చాలదు, మాసిక వేయాలి. చిరుగుకు అన్నివైపులా రెండంగుళాలు ఎక్కువ వుండే ముక్క కావాలి. దీనికి మాకు దొరికిన మంచి సరుకు కన్వేయరు బెల్టు. సండూరు, హోసపేట ప్రాంతాలలో ఇనుప గనులు వున్నాయి గనుక, ఖనిజం మోసి అరిగిన బెల్టు ముక్కలు పాత సామాన్ల కొట్లలో దొరుకుతాయి. రబ్బరు పొరల మధ్య గట్టి గుడ్డ పొరలుంటాయి కాబట్టి అది సులభంగా చిరగదు. లోపల ఉక్కుతీగలున్న రకం మాత్రం వద్దు. అరిగినకొద్దీ తీగలు బయటికి పొడుచుకొని వచ్చి టైరునో మనిషినో గీస్తాయి. రబ్బరు పలక అయితే రెండువైపులా ఆకురాయితో గరుకు చేసి, పంక్చరు సొల్యూషను పూసి, తడి ఆరి వేలికి జిగట తగిలేవరకు ఆగి అతికించాలి. ప్లాస్టిక్కు పలకకు ఈ జిగురు నిలవదు. దానికి కుట్టు, బోల్టులే గతి.

బోల్టు రంధ్రమే చినిగిపోతే కొత్త రంధ్రం పక్కన పొడిచి చేతులు దులుపుకోరాదు. పలక వెడల్పు పొడుగునా అంగుళం వెడల్పు ఇనుప పట్టీ ఒకటి పెట్టి, దానిగుండా బిగించాలి. అప్పుడు బరువు రెండు బోల్టులమీద గాక పట్టీ అంతటిమీదా పడుతుంది. పట్టీ అంచులను ఆకురాయితో నునుపు చేయకపోతే అదే కత్తి అవుతుంది. పట్టీ లేనిచోట రూపాయి బిళ్ళకన్న పెద్ద వాషరు వేయాలి. నట్టు అదురుకు వదులుకాకుండా లోపల నైలాను వుండే రకం కావాలి. బోల్టు గుండు టైరువైపు, మరకొస అవతలివైపు వుండాలి. తిరగేసి బిగిస్తే ఏదో ఒకనాడు ఆ కొస టైరు గోడను కోస్తుంది. రబ్బరు పిండిపిండి అయ్యేటంతగానూ బిగించకూడదు. టైరు తొక్కినప్పుడు తెగవలసి వస్తే పలకే తెగాలి గాని, మడ్‌గార్డు రేకు చిరగకూడదు.

ఎత్తు చూడవలసింది ఖాళీ బండికి కాదు, బరువు ఎక్కించిన బండికి. మూటలు పడగానే కమాన్లు దిగుతాయి, పలక నేలకు చేరువవుతుంది. రోడ్డుమీద అంత కిందికి వుండడం మంచిదే, రాళ్ళు ఆపుతుంది. చేలలో అదే దాని చావు. అందుకని అడుగంచుకు రెండు కొక్కేలు పెట్టి సన్నని గొలుసు తగిలించాము. పుంతలో దిగేముందు పలకను వెనక్కు ఎత్తి తొట్టి అడుగున వున్న కొండికి తగిలిస్తాము. టైరుకు దూరంగా, వెనుక దీపానికీ నంబరు పలకకూ అడ్డురాకుండా వుండాలి. అట్లా చేసినప్పటినుంచి గట్టు దానిని మడవలేకపోయింది.

అసలు పరీక్ష తారురోడ్డు ఎక్కిన తరువాత వస్తుంది. ఎత్తడం ఎవరూ మరవరు. అది మన పలక, మన డబ్బు. దించడం వుందే, అది పరాయివాడి కన్ను. ఒళ్ళంతా బురద, ఇంటికి పోవాలన్న తొందర, పైన వాన. అప్పుడు దిగి రెండు గొలుసులు విప్పి, చక్రాలకు పట్టిన మట్టి గీకి, మళ్ళీ ఎక్కడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఈ అయిదు నిమిషాలకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు. రాయి తగలనివాడికి, తనకు రాయి తగలలేదన్న సంగతి తెలియదు గదా!

ఆడవారి లెక్క ఇంకొకటి వున్నది. రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, వాకిట్లో వేసిన ముగ్గు, బస్సుకోసం నిలుచున్న బడిపిల్లల తెల్లచొక్కాలు, వీటన్నిటి పక్కనుంచీ పోయేది ఆ చక్రమే. ‘ఫలానావారి బండి పోయింది’ అని దారి చూసి చెప్పగలరు మా వదినగారు. పరాయి ప్రాంతానికి వచ్చి మూడు తరాలు బతికిన మనబోటివారికి ఈ మాట మరికొంచెం పట్టింపు. మనము ముందుకు ఎంత పోయామన్నది మన ఇళ్ళలో చెప్పుకొంటాము. మన వెనుక ఏమి చిమ్మి పోయామన్నది వూరు చెప్పుకొంటుంది.

పాఠకులలో చాలామంది ఇళ్ళలో పికప్పో, ట్రాక్టరు ట్రాలీయో వుండకపోదు. ఈ ఆదివారం డ్రైవరు సీటు వదిలి, బండి వెనుక ఒకసారి గొంతుక్కూర్చొని చూడండి. అది రోజూ వెనుక వచ్చేవాడు చూసే వైపు.